పేదల పద్దు కోసం: అమెరికా బడ్జెట్లూ మత సమాజాలూ

అమెరికాలో చర్చిలు, సినగాగ్‌లు, మసీదులు, గుడులు అన్నీ కలిపి సుమారు 3,35,000 ప్రార్థనా మందిరాలు ఉంటాయని 2012 నాటి అంచనా. ఆ ఏడాది ప్రతినిధుల సభ ఆహార సహాయ పథకంలో పదేళ్లకు 16,900 కోట్ల డాలర్ల కోత పెట్టాలని చూసింది. ఆ లోటును దానధర్మాలతో పూడ్చాలంటే ఎంతవుతుందో 'బ్రెడ్ ఫర్ ది వరల్డ్' అనే క్రైస్తవ సంస్థ లెక్క కట్టింది. ఒక్కో మందిరం ఏటా అదనంగా 50,000 డాలర్ల చొప్పున పదేళ్లపాటు పోగుచేయాలని తేలింది. అమెరికా చర్చిల్లో చాలావాటికి ఆదివారం నాడు వందమంది కూడా రారు. పాస్టరు జీతానికే తడుముకునే చోట ఏటా అంత సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రభుత్వ ఖర్చు తగ్గించాలన్న మాట వచ్చినప్పుడల్లా ఆ దేశంలో ఒక వాదన లేస్తుంది. పేదల్ని ఆదుకోవడం చర్చిల పని, సర్కారుకు ఎందుకు అని. ఆకలితో వచ్చినవారికి రోజూ వండి వడ్డిస్తున్న చర్చిలే ముందుకొచ్చి, ఇది మా ఒక్కరి వల్ల కాదని చెప్పడం ఈ చరిత్రలోని అసలు విశేషం. పేదలు, వృద్ధులు, వికలాంగులు, పిల్లలు, శరణార్థులు బడ్జెట్ కోతలకు బలికాకుండా చూడాలని మతసంస్థలు వాషింగ్టన్‌లో పనిగట్టుకుని ఒత్తిడి తేవడం మొదలై ఎనభై ఏళ్లు దాటింది. ఒక దేశం ఎవరిని ముందు తలుచుకుంటుందో దాని బడ్జెట్టే చెబుతుందని, కాబట్టి బడ్జెట్ నైతిక పత్రమని వీరు నమ్ముతారు. పొలం అంచుల్లో పంట కోయకుండా పేదలకూ పరదేశులకూ వదలాలన్నది యూదుల ధర్మశాస్త్రం. మిగులు సంపదలో నూటికి రెండున్నర వంతు జకాత్‌గా ఇవ్వడం ముస్లింలకు విధి. వీటిలో పేదల వాటా ఇచ్చేవాడి దయకు వదిలినది కాదు, ఇచ్చి తీరవలసినది.

దానానికీ ప్రభుత్వ పద్దుకూ ఉన్న తేడాను తెలుగునేల కూడా చూసింది. 1876–78 కరవులో ఒంగోలు కేంద్రంగా పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ప్రభుత్వం కరవు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి ఇప్పించాడు. మిషన్ దగ్గరున్న విరాళాలతో అంతమందికి గంజి పోయడం సాధ్యమయ్యేది కాదు. మనుషుల్ని కూడగట్టింది మిషన్, కూలి డబ్బు వచ్చింది ఖజానా నుంచి.

కోత ఎక్కడ పడుతుంది

అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. పేదలకు వెళ్లే సొమ్ము రెండు దారుల్లో వెళ్తుంది. పేదల వైద్యానికి ఉన్న మెడికెయిడ్, ఆహార సహాయానికి ఉన్న స్నాప్ (పాతపేరు ఫుడ్ స్టాంపులు) మొదటి రకం. అర్హత ఉన్న ప్రతివారికీ చట్టప్రకారం ఇచ్చి తీరాలి, తగ్గించాలంటే చట్టాన్నే మార్చాలి. గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు పోషకాహారం అందించే విక్, పేద పిల్లల బాలబడులైన హెడ్ స్టార్ట్, ఇంటి అద్దె సాయం వంటివి రెండో రకం. వీటికి ఏటా కాంగ్రెస్ కేటాయించినంతే దక్కుతుంది.

సెనేట్‌లో మామూలు బిల్లు గట్టెక్కాలంటే చర్చ ముగించడానికే నూటికి 60 ఓట్లు కావాలి. 'రీకన్సిలియేషన్' అనే ప్రత్యేక బడ్జెట్ పద్ధతిలో వచ్చే బిల్లుకు మాత్రం మామూలు మెజారిటీ చాలు. పేదల పథకాల మీద పెద్ద కోతలు చాలావరకు ఈ దారినే వస్తాయి. అందుకే ఇద్దరు ముగ్గురు సెనేటర్ల మనసు మార్చడానికి వారి సొంత రాష్ట్రాల చర్చిల నుంచి బిషప్పులూ సన్యాసినులూ ఫోన్లు చేస్తారు, ఉత్తరాలు రాస్తారు.

ఉత్తరాలు, ఉపవాసాలు

అమెరికా కాంగ్రెస్ కొలువైన కాపిటల్ భవనానికి ఎదురుగా, సుప్రీంకోర్టు పక్కన, మెథడిస్టు చర్చి 1923లో కట్టిన భవనం ఇప్పటికీ మతసంస్థల లాబీ కార్యాలయాలకు నెలవు. శాంతికాముకులైన క్వేకర్లు 1943లో జాతీయ శాసన వ్యవహారాల సంఘాన్ని స్థాపించారు. సంస్కరణవాద యూదుల రెలిజియస్ యాక్షన్ సెంటర్ 1961లో వచ్చింది. 1971 డిసెంబరులో 47 మంది క్యాథలిక్ సన్యాసినులు వాషింగ్టన్‌లో సమావేశమై 'నెట్‌వర్క్' అనే లాబీ సంస్థకు పునాది వేశారు. బడి, ఆసుపత్రి, అనాథాశ్రమం నడుపుతూ వచ్చిన సిస్టర్లు చట్టాలు చేసే చోటికి వచ్చి కూర్చోవడం ఆనాటికి సాహసమే.

బ్రెడ్ ఫర్ ది వరల్డ్‌ను న్యూయార్క్‌లోని పేదల పేటలో పనిచేసిన లూథరన్ పాస్టర్ ఆర్థర్ సైమన్ మొదలుపెట్టాడు. 1974లో అది దేశవ్యాప్త సంస్థ అయింది. ఈ సంస్థ అన్నం పెట్టదు, బట్టలు పంచదు. ఆకలికి సంబంధించిన చట్టాల మీద కాంగ్రెస్ సభ్యులకు పౌరులచేత ఉత్తరాలు రాయిస్తుంది. ఆదివారం ఆరాధనలో కానుకల పళ్లెం వచ్చినప్పుడు సభ్యులు డబ్బుతోపాటు తాము రాసిన ఉత్తరాన్నీ అందులో వేస్తారు. దీన్ని 'ఉత్తరాల కానుక' అంటారు. ఎంతో సాదాగా కనిపించే ఈ పద్ధతిలో మంచి ఎత్తుగడ ఉంది. తన నియోజకవర్గంలోని ఒక చర్చి నుంచి ఒకే వారంలో చేతిరాత ఉత్తరాలు కట్టగా వస్తే ఏ సభ్యుడైనా వాటిని పక్కన పడేయడానికి జంకుతాడు. సంస్థకు 1991 నుంచి 2020 దాకా అధ్యక్షుడిగా ఉన్న డేవిడ్ బెక్‌మన్ 2010లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నాడు. ఆయన పాస్టరే కాదు, ప్రపంచ బ్యాంకులో పనిచేసిన ఆర్థికవేత్త కూడా. ఈ ఉద్యమానికి లెక్కల భాష అబ్బడంలో ఆయన పాత్ర పెద్దది.

చట్టపరమైన హద్దులూ ఉన్నాయి. 1954 నాటి జాన్సన్ సవరణ ప్రకారం పన్ను మినహాయింపు పొందే చర్చి ఏ అభ్యర్థికీ మద్దతు పలకకూడదు. బిల్లుల మీద మాత్రం పరిమితంగా మాట్లాడవచ్చు.

ప్రత్యామ్నాయ బడ్జెట్ రాసి చూపించడం కూడా పాత పద్ధతే. పౌరహక్కుల నాయకులు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, బేయార్డ్ రస్టిన్ 1966లో 'ఫ్రీడమ్ బడ్జెట్' ప్రకటించారు. పదేళ్లలో పేదరికాన్ని నిర్మూలించడానికి మొత్తం 18,500 కోట్ల డాలర్లు కావాలని అందులో లెక్క చూపారు. మార్టిన్ లూథర్ కింగ్ 1968లో తలపెట్టిన పేదల ఉద్యమం ఏటా 3,000 కోట్ల డాలర్ల కేటాయింపు కోరింది. ఏప్రిల్ 4న ఆయన హత్యకు గురయ్యాక, సహచరుడు రాల్ఫ్ అబర్నాతీ నాయకత్వంలో వేలమంది పేదలు వాషింగ్టన్ నడిబొడ్డున గుడారాలు వేసుకుని ఉన్నారు. అడిగిన మొత్తం రాలేదు. ఆ రెండు ప్రయత్నాల జాడలోనే 2019లో కొత్త తరం పేదల ఉద్యమం తన 'నైతిక బడ్జెట్'ను అచ్చువేసింది.

క్యాథలిక్ బిషప్పులు 1986 నవంబరులో ఆమోదించిన 'అందరికీ ఆర్థిక న్యాయం' లేఖ ఈ ధోరణికి సిద్ధాంత బలం ఇచ్చింది. ఆర్థిక నిర్ణయం ఏదైనా పేదల మీద దాని ప్రభావం ఏమిటన్నదే మొదటి పరీక్ష అని అందులో బిషప్పులు తేల్చారు. ఉపవాసం మరో మార్గం. ప్రతినిధుల సభలో ఆకలిపై ఉన్న ప్రత్యేక కమిటీని 1993లో రద్దుచేసినప్పుడు ఒహాయో సభ్యుడు టోనీ హాల్ 22 రోజులు అన్నం ముట్టలేదు.

2005: మోకాళ్ల మీద ప్రార్థన

2005 మార్చిలో ఎపిస్కోపల్, లూథరన్, ప్రెస్బిటేరియన్, యునైటెడ్ మెథడిస్ట్, యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ శాఖల నాయకులు ఒక్కమాటగా, అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ ప్రతిపాదించిన బడ్జెట్ అన్యాయమైనదన్నారు. బైబిల్లో ధనవంతుడి వాకిట్లో ఎంగిలి మెతుకులకు ఎదురుచూసిన లాజరు కథను గుర్తుచేశారు. ఆ శీతకాలం కోతల బిల్లు తుది దశకు చేరింది. డిసెంబరు 14న 'సోజర్నర్స్' సంస్థ వ్యవస్థాపకుడు జిమ్ వాలిస్ ముందు నిలవగా, వందమందికి పైగా మతస్థులు ప్రతినిధుల సభ కార్యాలయ భవనం గుమ్మంలో మోకాళ్ల మీద ప్రార్థన చేస్తూ అరెస్టయ్యారు.

వారం తిరిగేసరికి సెనేట్‌లో ఓట్లు 50–50 అయ్యాయి. ఉపాధ్యక్షుడు డిక్ చేనీ ఓటుతో బిల్లు నెగ్గింది. 2006 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ 216–214తో ఆమోదించింది. అయిదేళ్లలో సుమారు 3,900 కోట్ల డాలర్ల కోత అమలైంది. అయితే ప్రతినిధుల సభ మొదటి బిల్లులో ఉన్న ఫుడ్ స్టాంపుల కోత మాత్రం తుది బిల్లులో లేదు. మతసంస్థలు అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టిన అంశాల్లో అదొకటి.

2011–12: రక్షణ వలయం, సిస్టర్ల బస్సు

2010 ఎన్నికల్లో రిపబ్లికన్లు ప్రతినిధుల సభను గెలుచుకున్నాక లోటు తగ్గింపే దేశ రాజకీయం అయింది. 2011 మార్చి 28న బెక్‌మన్, వాలిస్, టోనీ హాల్ ఉపవాసం మొదలుపెట్టారు, వేలమంది జతకూడారు. నెల తిరిగేసరికి 'సర్కిల్ ఆఫ్ ప్రొటెక్షన్' పేరుతో రక్షణ వలయం ఏర్పడింది. ఇందులో ఉన్నవారి జాబితా చూస్తే దాని బరువు అర్థమవుతుంది. క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య, ఇవాంజెలికల్ చర్చిల జాతీయ సంఘం, ప్రధాన ప్రొటెస్టెంట్ శాఖల జాతీయ మండలి, సాల్వేషన్ ఆర్మీ, నల్లజాతి చర్చిలు, హిస్పానిక్ పాస్టర్ల సంఘం. గర్భస్రావం, వివాహం వంటి విషయాల్లో వీరిలో కొందరికి కొందరితో పొసగదు. పేదల పథకాలను కోతల నుంచి కాపాడాలన్న ఒక్క విషయంలో మాత్రం అందరూ సంతకం పెట్టారు. లోటు తగ్గించవద్దని వీరు అనలేదు, తగ్గింపు భారం పేదల మీద వేయవద్దన్నారు. జులై 20న వీరి ప్రతినిధులు శ్వేతసౌధంలో అధ్యక్షుడు ఒబామాను కలిశారు. జులై 28న కాపిటల్ గుమ్మటం కింద ప్రార్థన చేస్తున్న 11 మంది మతనాయకులను పోలీసులు తీసుకెళ్లారు.

ఆగస్టు 2న బడ్జెట్ నియంత్రణ చట్టం వచ్చింది. రెండు పార్టీలూ ఒప్పందానికి రాకపోతే అన్ని ఖాతాల మీదా దానంతటదే కోత పడాలన్నది అందులోని నిబంధన. ఆ కోత నుంచి మెడికెయిడ్‌కు, స్నాప్‌కు, బడి భోజనాలకు మినహాయింపు దొరికింది. ఈ ఘనత ఒక్క మతసంస్థలదే కాదు. 1985 నాటి గ్రామ్–రడ్మన్ చట్టంలోనూ ఇలాంటి మినహాయింపుల జాబితా ఉంది. అయినా ఎనభై ఏళ్ల ఈ కృషిలో ఎక్కువమందికి ఎక్కువ మేలు చేసిన ఘట్టం ఏదంటే, ఊరేగింపులనూ అరెస్టులనూ కాదు, చట్టం చివరి పేజీల్లోని ఆ జాబితానే చూపించాలి. జాబితాలో చోటు దొరకనివాటికి ఏమైందో 2013 మార్చిలో తెలిసింది. కోత అమలయ్యాక హెడ్ స్టార్ట్‌లో దాదాపు 57,000 మంది చిన్నారులకు స్థానం లేకుండా పోయింది.

2012లో ప్రతినిధుల సభ బడ్జెట్ కమిటీ అధ్యక్షుడు పాల్ రయన్ కోతల ప్రణాళిక తెచ్చాడు. ఆయన క్యాథలిక్, తన ప్రణాళికకు చర్చి బోధనే ఆధారమని చెప్పాడు. సొంత మతం వారే దానికి ఒప్పుకోలేదు. బిషప్పుల తరఫున స్టీఫెన్ బ్లేర్ కాంగ్రెస్ కమిటీలకు లేఖలు రాస్తూ ఆ కోతలు నైతిక పరీక్షకు నిలవవన్నాడు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు దాదాపు 90 మంది రయన్‌కు బహిరంగ లేఖ రాశారు.

అదే ఏడాది వాటికన్ అమెరికా సన్యాసినుల మీద తయారుచేసిన ఒక నివేదిక నెట్‌వర్క్ సంస్థను పేరుపెట్టి తప్పుపట్టింది. దాంతో సంస్థ పేరు దేశమంతా తెలిసింది. నాయకురాలు సిస్టర్ సిమోన్ క్యాంప్‌బెల్ ఆ గుర్తింపును బడ్జెట్ చర్చకు వాడుకుంది. జూన్ 18న అయోవాలో బయల్దేరిన 'నన్స్ ఆన్ ది బస్' తొమ్మిది రాష్ట్రాల్లో 2,700 మైళ్లు తిరిగి జులై 2న వాషింగ్టన్ చేరింది. దారిలో సిస్టర్లు ఉచిత వైద్యశాలల్లో, అన్నశాలల్లో ఆగి అక్కడ పనిచేసేవారితో మాట్లాడారు. విస్కాన్సిన్‌లో రయన్ సొంత ఊరు జేన్స్‌విల్‌లోని ఆయన కార్యాలయానికీ వెళ్లారు. ఒక పథకం పోతే ఎవరి మందులు ఆగిపోతాయో వారి నోట వినిపించడం ఆ యాత్ర చేసిన మేలు. క్యాంప్‌బెల్‌కు 2022లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం లభించింది.

రాలీలో సోమవారాలు

రాష్ట్రాల బడ్జెట్ల మీద సాగిన పోరాటాల్లో నార్త్ కరోలైనాది ముందు చెప్పుకోవలసినది. 2013లో ఆ రాష్ట్ర ప్రభుత్వం నిరుద్యోగ భృతి గరిష్ఠ పరిమితిని వారానికి 535 డాలర్ల నుంచి 350కి దించింది. అయిదు లక్షల మంది దాకా పేదలకు వైద్యం అందించగల మెడికెయిడ్ విస్తరణను కాదంది. గోల్డ్స్‌బరో పాస్టరు, నల్లజాతి హక్కుల సంఘం రాష్ట్ర అధ్యక్షుడు విలియం బార్బర్ ఏప్రిల్ 29న, ఒక సోమవారం, రాజధాని రాలీలోని శాసనసభకు వెళ్లాడు. ఆ రోజు 17 మంది అరెస్టయ్యారు. తర్వాత వారం వారం పాస్టర్లు, రబ్బీలు, టీచర్లు, డాక్టర్లు వెళ్తూనే ఉన్నారు. 'మోరల్ మండేస్' అని పేరుపడిన ఈ నిరసనల్లో ఆ ఏడాది 900 మందికి పైగా అరెస్టయ్యారు.

ఆ సంవత్సరం ఒక్క చట్టమూ వెనక్కి పోలేదు. మెడికెయిడ్ విస్తరణ చట్టం 2023 మార్చిలో, అదీ రిపబ్లికన్ మెజారిటీ ఉన్న శాసనసభలోనే, వచ్చింది. డిసెంబరు 1 నుంచి అమలై, మరుసటి ఏడాది ముగిసేసరికి ఆరు లక్షల మందికి పైగా చేరారు. మధ్యలో గడిచిన పదేళ్లలో వైద్యం అందక పోయినవారికి ఆ విజయం అందలేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి.

ఎదురు వాదనలు

విశ్వాసుల్లోనే ఈ ధోరణిని ఒప్పుకోనివారున్నారు. ఫాదర్ రాబర్ట్ సిరికో 1990లో స్థాపించడంలో పాలుపంచుకున్న యాక్టన్ ఇన్‌స్టిట్యూట్ వారిలో ముందుంది. కుటుంబం, ఇరుగుపొరుగు, చర్చి చేయగల పనిని కేంద్రం తన చేతిలోకి తీసుకోకూడదన్న క్యాథలిక్ సూత్రాన్ని వీరు చూపుతారు. పుట్టబోయే పిల్లల నెత్తిన అప్పు మోపడం కూడా అన్యాయమేనంటారు. అమెరికా ప్రభుత్వ అప్పు 2025 అక్టోబరుకు 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది కాబట్టి ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. ప్రభుత్వ నిధులతో సేవలు నడిపే క్యాథలిక్ చారిటీస్ వంటి సంస్థలు తమ నిధుల కోసమే మాట్లాడుతున్నాయన్న ఆరోపణ కూడా ఉంది. అయితే ఆకలి తీర్చే పని చర్చి మీదే వదలాలన్న వాదనకు అంకెలు మద్దతివ్వవు. ఫీడింగ్ అమెరికా లెక్కలో, ఫుడ్ బ్యాంకులు పెట్టే ప్రతి ఒక్క పూట భోజనానికి స్నాప్ పెట్టేది తొమ్మిది పూటలు.

ఇలాంటి పోరాటం అమెరికాలోనే కాదు, బ్రిటన్‌లోనూ ఉంది. అక్కడ మతనాయకులకు చట్టసభలోనే చోటుంది. ప్రభువుల సభలో 26 మంది ఆంగ్లికన్ బిషప్పులు కూర్చుంటారు. కుటుంబానికి అందే సహాయానికి ఏటా 26,000 పౌండ్ల పరిమితి పెట్టినప్పుడు, పిల్లల భత్యాన్ని అందులో కలపవద్దని బిషప్ జాన్ ప్యాకర్ తెచ్చిన సవరణ 2012 జనవరిలో 252–237తో నెగ్గింది. కామన్స్ సభ దాన్ని తిరగదోడింది. ఇద్దరు పిల్లలకు మించి సహాయం లేదన్న 2017 నిబంధన మీద మరుసటి ఏడాది బిషప్పులతో పాటు యూదు, ముస్లిం నాయకులూ ఉమ్మడిగా గళమెత్తారు. 2025 నవంబరు బడ్జెట్‌లో ఆ నిబంధనను 2026 ఏప్రిల్ నుంచి ఎత్తేస్తున్నట్టు ప్రకటన వచ్చింది.

2025 తర్వాత

అమెరికాలో మాత్రం 2025లో పెద్ద ఓటమి ఎదురైంది. ఏప్రిల్ 28న కాపిటల్ గుమ్మటం కింద ప్రార్థన చేస్తూ బార్బర్ మళ్లీ అరెస్టయ్యాడు. క్యాథలిక్ బిషప్పులు ట్రంప్ ప్రభుత్వ బడ్జెట్ బిల్లులో గర్భస్రావ సంస్థలకు నిధులు ఆపే భాగాన్ని సమర్థిస్తూనే మెడికెయిడ్, స్నాప్ కోతలను వ్యతిరేకించారు. సెనేట్‌లో ఓట్లు 2005లో లాగే 50–50 అయ్యాయి, ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ఓటుతో బిల్లు గట్టెక్కింది. జులై 4న చట్టమైంది. కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా ప్రకారం పదేళ్లలో స్నాప్‌కు సుమారు 18,600 కోట్ల డాలర్లు తగ్గుతాయి. 2034 నాటికి ఆరోగ్య బీమా లేనివారు మరో కోటి మంది పెరుగుతారు. శరణార్థుల్లో చాలామంది ఆహార సహాయానికి అర్హత కోల్పోయారు.

ఆ శరత్కాలంలో ప్రభుత్వం 43 రోజులు మూతపడినప్పుడు నవంబరు నెల స్నాప్ సొమ్ము ఆగింది. సుమారు నాలుగు కోట్ల మందికి అందే సహాయం అది. చర్చిలు, గురుద్వారాలు, మసీదులు, గుడులు ఉన్నదంతా పంచాయి. చాలాచోట్ల ఫుడ్ బ్యాంకుల ముందు వరుసలు పెరిగాయి, సరుకు చాలలేదు.

కొత్త చట్టం ప్రకారం 2027 అక్టోబరు నుంచి స్నాప్ చెల్లింపుల్లో పొరపాట్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు సహాయపు ఖర్చులో 5 నుంచి 15 శాతం దాకా సొంతంగా భరించాలి. అంటే ఆహార సహాయం ఇక రాష్ట్రాల బడ్జెట్లలో కూడా ఒక పద్దు అవుతుంది, దాని మీద వాదన ఆస్టిన్, ట్రెంటన్, శాక్రమెంటో వంటి రాజధానుల్లో జరుగుతుంది. టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో స్థిరపడిన తెలుగువారు తమ గుళ్లలో, చర్చిల్లో, మసీదుల్లో ఫుడ్ బ్యాంకులకు సరుకులు సేకరించి ఇస్తూనే ఉన్నారు. వారిలో ఓటుహక్కు ఉన్నవారు సరుకుల సంచి ఇవ్వడంతోపాటు తమ రాష్ట్ర శాసనసభ్యుడికి ఒక ఉత్తరం కూడా రాయాలి. బడ్జెట్ ఆమోదం పొందకముందే రాయాలి.